పరంజా మీద తొలి అడుగు

పెద్ద మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు గానీ, అది నిజం కాదు. ఆయన ముక్కు మీద ఉండేది కళ్లజోడు. కోపం ఉండేది నడుముకు వేలాడే స్పానరులో. ఏదైనా నచ్చకపోతే దాన్ని తీసి దగ్గర్లో ఉన్న పైపు మీద ఠంగుమని ఒక్కటి కొడతాడు. ఆ మోత వినగానే పనివాళ్లంతా ఎవరి తప్పు వాళ్లు వెతుక్కుని సరిదిద్దుకుంటారు. తిట్టాల్సిన పని ఉండదు. నలభై రెండేళ్లుగా ఆయన సంస్థ ఆ మోత మీదే నడిచింది.

ఆయనది పరంజా పని. గోడ లేచేకొద్దీ దాని పక్కనే ఇనప పైపులతో, పలకలతో ఇంకో గోడలాంటిది లేస్తుంది కదా, అదే పరంజా. దాని మీద నిలబడే తాపీవాళ్లు ఇటుక పేరుస్తారు, రంగులవాళ్లు రంగులేస్తారు. పనయ్యాక విప్పి లారీలో వేసుకుపోతారు. ఇంట్లోకి దిగినవాళ్లు గచ్చు బాగుందంటారు, కిటికీలు బాగున్నాయంటారు. పరంజా బాగా కట్టారని మాత్రం ఈ భూమ్మీద ఇంతవరకూ ఒక్కరూ అన్న పాపాన పోలేదు. దానికి పెద్ద మేస్త్రి ఏమీ బాధపడడు. "మనల్ని తలుచుకున్నారంటే ఎవడో పడ్డట్టే కదమ్మా" అంటాడు కోడలితో.

సంస్థను ఇప్పుడు నడిపేది ఆ కోడలే. కొడుకు కుర్చీ ఎక్కి బల్బు మార్చమన్నా చెమటలు పట్టే రకం. మందుల దుకాణం పెట్టుకుని నేల మీద సుఖంగా బతుకుతున్నాడు. కోడలు మొదట్లో ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికని వచ్చింది. వచ్చిన వారానికే, "మావయ్యా, ఈ క్లాంపు ఇటువైపే ఎందుకు బిగిస్తారు?" అని అడిగింది. కన్నకొడుకు పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ అడగని ప్రశ్న అది. పెద్ద మేస్త్రి ఆ పూట అన్నం కూడా మరిచిపోయి చెప్పాడు. అది మొదలు తొమ్మిదేళ్లలో నేలను చూసి బరువు అంచనా వేయడం, పైపును వేలితో మీటి లోపలి తుప్పు పసిగట్టడం, బేరంలో ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ ఊరుకోవాలో, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయనంటే ఆమెకు ప్రాణం. ఆ ప్రాణమే ఇప్పుడు పీకల మీదకు తెచ్చింది.

ఆ సంస్థలో ఒక ఆనవాయితీ ఉంది. ఎక్కడ పరంజా కట్టినా తొలి అడుగు పెద్ద మేస్త్రిదే. పైదాకా ఎక్కి, పలక మీద మూడుసార్లు కాలితో గట్టిగా తొక్కి, అక్కడే కూర్చుని ఫ్లాస్కులోంచి ఒక కప్పు టీ తాగి దిగుతాడు. ఆ తర్వాతే మిగతావాళ్లు కాలు పెట్టాలి. పడితే కట్టినవాడే ముందు పడాలన్నది ఆయన లెక్క. ఆయన పైన టీ తాగే పది నిమిషాలూ కోడలు కింద నిచ్చెన దగ్గర నిలబడి ఉంటుంది. ఆయనకేమో అరవై తొమ్మిది నిండాయి.

గడిచిన నెలలో ఒక ఉదయం, వాన వెలిశాక తడిగా ఉన్న పలక మీద ఆయన కుడికాలు జారింది. రెండో అంతస్తు ఎత్తు. ఒంటిచేత్తో అడ్డ పైపు పట్టుకుని ఒక్క క్షణం గాల్లో వేలాడి, మళ్లీ పలక మీదకు వచ్చాడు. పనివాళ్లెవరూ చూడలేదు. కోడలు చూసింది. ఆయన కిందకు చూడబోతున్నాడని తోచగానే చటుక్కున తల తిప్పుకుని, ఎదురుగా ఉన్న లారీ నంబరు చదువుతున్నట్టు నటించింది, పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడని. ఇంటికి వెళ్లాక అత్తయ్యకూ చెప్పలేదు, భర్తకూ చెప్పలేదు. 'మావయ్యా, ఇక ఎక్కకండి' అన్న మూడు మాటలు ఆ రోజు నుంచీ నోటిదాకా రావడం, మళ్లీ లోపలికి పోవడం, ఇదే తంతు.

అలాంటి సమయంలో ఆసుపత్రి పని వచ్చింది. పాత భవనం పక్కన నాలుగంతస్తుల కొత్త భవనం. అంత పెద్ద పని వాళ్లకు ఎప్పుడూ రాలేదు. ఒక్కటే షరతు: పరంజా కట్టేవాళ్లకు శిక్షణ పొందిన కాగితం ఉండాలి. అందులో ఒకరు ప్రతిరోజూ తనిఖీ చేసి, అంతా బాగుంటేనే నిచ్చెనకు ఆకుపచ్చ బిళ్ల తగిలించాలి. అప్పటిదాకా ఎర్ర బిళ్లే. తమ దగ్గరున్నవాళ్లంతా పెద్ద మేస్త్రి చేతికింద నేర్చుకున్నవాళ్లు, పనితనం ఉంది గానీ కాగితం లేదు. శనివారం సాయంత్రానికల్లా ముగ్గురి పేర్లు ఇవ్వాలి.

ఆ సంగతి చెప్పడానికి పొద్దున టీ వేళ మావయ్య ఎదురుగా కూర్చుని కోడలు నీళ్లు నమిలింది.

"చెప్పేదేదో చెప్పమ్మా, టీ చల్లారుతోంది" అన్నాడాయన.

చెప్పింది. పెద్ద మేస్త్రి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అంటే నాకు కాగితం లేదన్నమాట."

"మీకని కాదు మావయ్యా, రూలు అలా ఉంది."

"రూలు మంచిదే. కాకపోతే వచ్చినవాళ్లను నేను చూస్తాను. నేను సరేనన్నవాణ్ణే తీసుకోవాలి. ఒప్పుకుంటావా?"

కోడలు ఒప్పుకుంది. వంటింట్లోంచి అత్తయ్య, "ఈయన జీవితంలో సరేనన్నది నన్నొక్కదాన్నే. అదీ మా నాన్న రెండుసార్లు అడిగితే" అంది.

బుధవారం నుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. ఆఫీసు వెనకున్న యార్డులో ఒక మూల, రెండు మనిషెత్తుల పరంజా కట్టి చూపించాలి. అదే పరీక్ష. మొదట వచ్చినవాడు ఏడు కాగితాలకు ఏడు ప్లాస్టిక్ తొడుగులు వేయించి, పెళ్లి ఆల్బంలా పట్టుకొచ్చాడు. చెయ్యి కూడా మంచిదే. నిలువు పైపులు తూకపు గుండు దారానికి వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టాడు. పైన చేతికి అడ్డుగా ఉండే కటకటా ఇంకా బిగించకముందే పెద్ద మేస్త్రి ఫ్లాస్కు పట్టుకుని వచ్చి, "ఈ యార్డులో తొలి అడుగు నాదయ్యా" అన్నాడు.

"అయ్యో, అంతకన్నానా పెద్దాయనా. మీరు ఎక్కితే మాకు దీవెనే కదా" అని ఏడు కాగితాలాయన చెయ్యి అందించి మరీ ఎక్కించాడు. పెద్ద మేస్త్రి ఎక్కాడు, మూడుసార్లు తొక్కాడు, టీ తాగాడు, దిగాడు. అతన్ని పంపించాక కోడలు ఆశగా చూసింది.

"లేదు" అన్నాడు పెద్ద మేస్త్రి. ఎందుకని అడిగితే ఫ్లాస్కు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పైపులు మాటల్లేకుండానే మారిపోతున్నాయి. చూడముచ్చటగా ఉంది పని. పెద్ద మేస్త్రి ఫ్లాస్కుతో తయారయ్యాడు. తమ్ముడు ఏదో అనబోయాడు. అన్న అతని కాలు తొక్కాడు. పెద్ద మేస్త్రి ఎక్కి, టీ తాగి, దిగి, "లేదు" అన్నాడు. గురువారం వచ్చినవాడు, "రూలు ప్రకారం ఎక్కకూడదు. కానీ మీకు రూలేంటి సార్" అని నవ్వి పక్కకు జరిగాడు. లేదు. శుక్రవారం వచ్చినవాడైతే తనే ముందు పలక తుడిచి పెట్టాడు. అతనికైతే దిగకముందే, పై నుంచే లేదు.

శుక్రవారం సాయంత్రానికి కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆమెకు విషయం అర్థమైపోయింది, అంటే అర్థమైందనుకుంది. ఇంకొకడు వస్తే తన చోటు పోతుందని పెద్దాయన దిగులు. అందుకే వచ్చినవాణ్ణి వచ్చినట్టు వెనక్కి పంపుతున్నాడు. జాలేసింది, కోపం కూడా వచ్చింది. కోపమే ముందు బయటపడింది.

"మీకు మనసొప్పకపోతే ఆ మాట చెప్పండి మావయ్యా. ఆసుపత్రి పని వద్దనుకుందాం. అంతేగానీ ఇలా ఒక్కొక్కణ్ణీ..."

"ఇంకా ఎవరున్నారు?" అన్నాడాయన, కోపం తన మీద కానట్టు.

"ఒకతను ఉన్నాడు. ఫోన్లో ఆ గొంతు వింటే లైను బాగాలేదేమో అనుకున్నాను. పిలిచి లాభం లేదు."

"పిలువు."

శనివారం పొద్దున్నే వచ్చాడతను. సన్నటి మనిషి, మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. ఏమడిగినా తన చొక్కా రెండో గుండీకి జవాబు చెబుతున్నాడు. దగ్గరికి వంగితే తప్ప వినపడదు. మొదట వచ్చినవాడికి ఏడు కాగితాలుంటే ఇతనికి ఒక్కటే, తనిఖీ మేస్త్రి కాగితం. పని కూడా నెమ్మదే. ముందు నేలంతా కాలితో తొక్కి చూశాడు. ఒక మూల మెత్తగా ఉందని పైపు కింద వెడల్పు చెక్క మార్చాడు. క్లాంపుల గుట్టలోంచి ఒకదాన్ని తీసి, వెలుగుకు పెట్టి చూసి, పక్కన పడేశాడు. పెద్ద మేస్త్రి వెళ్లి దాన్ని తీసుకుని చూశాడు. మెడ దగ్గర గీతంత చీలిక. జేబులో వేసుకున్నాడు.

ఒక్క పైపు నిలబెట్టకముందే అతను చేసిన పని ఇంకొకటుంది. నిచ్చెనకు ఎర్ర బిళ్ల తగిలించాడు.

పలకలు పరిచాడు. కటకటా బిగించడం మిగిలింది. పెద్ద మేస్త్రి ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరాడు.

"జరుగయ్యా. ఇక్కడ తొలి అడుగు నాది."

"వద్దండీ."

"ఏమన్నావ్?"

"ఎక్కకండి. ఇంకా ఎర్ర బిళ్లే ఉందండి."

పెద్ద మేస్త్రి స్పానరు తీసి పక్కనున్న పైపు మీద ఠంగుమని కొట్టాడు. యార్డులో ఉన్న పనివాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒకడు అలవాటు కొద్దీ తన చెప్పులు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూసుకున్నాడు. అతను మాత్రం మోత పూర్తిగా ఆగేదాకా ఆగి, "ఆ పైపు బాగానే ఉందండి, చూశాను. పైన కటకటానే ఇంకా బిగించలేదు" అన్నాడు.

"నువ్వు పుట్టకముందు నుంచీ పైపులు మోస్తున్నాను నేను. ఈ యార్డు ఎవరిదనుకుంటున్నావ్?"

"మీదేనండీ" అన్నాడతను గుండీతో. చెయ్యి మాత్రం నిచ్చెన మీద నుంచి తీయలేదు.

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఇంత వయసు మనిషిని పదిమంది ముందు బయటివాడు నిలబెట్టేయడం ఆమె చూడలేకపోయింది. గబగబా వచ్చి, "పర్లేదండీ, ఎక్కనివ్వండి. ఆయనకు అలవాటే" అంది.

అతను ఆమె వైపు తిరిగాడు. ఆ రోజు తలెత్తి ఒక మనిషి మొహం చూడటం అదే మొదటిసారి.

"మీరు చెప్పినా అంతేనండీ. పని ఇవ్వకపోయినా సరే. అరగంట ఆగితే బిగించి, ఒకసారి చూసి బిళ్ల మారుస్తాను. అప్పుడైనా సేఫ్టీ బెల్టు పెట్టుకునే ఎక్కాలి."

పెద్ద మేస్త్రి అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. చూసి, చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లజోడు జారిపోయేంతగా నవ్వాడు.

"నీకు భయం వేయలేదటయ్యా?"

"వేసిందండీ. కాదనడం నాకు అసలు చేతకాదు. కానీ అనకపోతే ఇంటికెళ్లాక అన్నం దిగదు."

"ఇతన్ని తీసుకో అమ్మాయ్" అన్నాడు పెద్ద మేస్త్రి. "ఆ అన్నదమ్ములిద్దర్నీ కూడా పిలిపించు, కట్టడానికి బాగుంటారు. బిళ్ల మాత్రం ఇతని చేతిలోనే ఉండాలి."

ఆఫీసులోకి వచ్చాక కోడలు కుర్చీలో కూలబడింది. "అంటే నాలుగు రోజులుగా మీరు చూసింది ఇదా?"

"బిగించడం ఎవడైనా నేర్చుకుంటాడు. కాదనడమే ఎవడికీ రాదు. అందరికీ మొహమాటం. ఏడు కాగితాలున్నవాడు నాకు చెయ్యి అందించాడు చూశావా? రేపు ఆసుపత్రి పెద్ద డాక్టరు వచ్చి సరదాగా ఒకసారి ఎక్కుతానంటే ఆయనకీ అందిస్తాడు."

"నేనేమో ఇంకోలా అనుకున్నాను మావయ్యా."

"ఏమనుకున్నావో తెలుసులే." ఆయన ఎదుటి కుర్చీలో కూర్చుని, జేబులోంచి ఆ చీలిన క్లాంపు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకొకళ్లు కూడా పరీక్ష తప్పారు. ఎక్కనివ్వమని అతనితో చెప్పింది నువ్వే."

కోడలు తల దించుకుంది.

"ఆ వాన రోజు నా కాలు జారింది. నువ్వు చూశావు. చూసి లారీ నంబరు చదివావు. ఏం నంబరమ్మా అది?"

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. "మీరు బాధపడతారని..."

"బాధపడతాను. ఎందుకు పడను? రెండు రోజులు అన్నం సరిగ్గా తినను. మీ అత్తయ్య తిడుతుంది. మూడో రోజు తింటాను." ఆయన గొంతు ఆ సన్నటి మనిషి గొంతంత మెల్లగా అయిపోయింది. "నాకై నేను దిగలేకపోతున్నాను తల్లీ. ఫ్లాస్కు చేతిలోకి రాగానే కాళ్లు వాటంతటవే నిచ్చెన దగ్గరికి పోతున్నాయి. ఎవరో ఒకరు చెప్పాలి. బయటివాడు చెబితే ఆ పూటకే వింటాను. నువ్వు చెబుతావని నెల నుంచీ చూస్తున్నాను."

అప్పుడు కూడా ఆమె ఆ మూడు మాటలూ అనలేకపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది, అంతే. ఆ చేతి మీద పైపుల రాపిడికి లేచిన కాయలన్నీ వేళ్లకు తగిలాయి. సాయంత్రం ముగ్గురి పేర్లూ ఆసుపత్రివాళ్లకు పంపింది.

రెండు వారాలకు ఆసుపత్రి దగ్గర మొదటి పరంజా లేచింది. అన్నదమ్ములు కట్టారు. సన్నటి మనిషి అంగుళం అంగుళం తడిమి చూసి, పుస్తకంలో సంతకం పెట్టి, ఎర్ర బిళ్ల తీసి ఆకుపచ్చది తగిలించాడు. తాపీవాళ్లు, రంగులవాళ్లు, ఆసుపత్రి ఇంజినీరు, అందరూ కింద చేరారు. పెద్ద మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, కొత్త హెల్మెట్ పెట్టుకుని, స్పానరు నడుముకు, ఫ్లాస్కు భుజానికి తగిలించుకుని వచ్చాడు. నిచ్చెన మెట్టు మీద చెయ్యి వేశాడు. సన్నటి మనిషి ఈసారి ఆపలేదు. బిళ్ల ఆకుపచ్చదే కదా, ఆపడానికి అతని దగ్గర రూలు లేదు. బెల్టు తెచ్చి చేతికి అందించాడంతే.

పెద్ద మేస్త్రి బెల్టు పెట్టుకోలేదు. వెనక్కి తిరిగి కోడలి వైపు చూశాడు.

ఎదురుగా చదవడానికి లారీ ఉంది. ఆమె ఆయన కళ్లలోకే చూసింది.

"మావయ్యా, ఇక ఎక్కకండి" అంది.

"వినపడలేదు."

"ఇక ఎక్కకండి మావయ్యా. ఇవాళే కాదు, ఎప్పుడూ. మీ కాలు జారితే నేను చూడలేను."

ఈసారి పక్కనున్న పాత భవనం మూడో అంతస్తు దాకా వినపడి ఉంటుంది. రంగులవాళ్లలో ఒకడు తల దించుకున్నాడు. పెద్ద మేస్త్రి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. బాధపడతానన్నాడు కదా, పడ్డాడు. అది అందరికీ కనపడింది. తర్వాత మెట్టు మీది చెయ్యి తీశాడు. నడుము నుంచి స్పానరు విప్పి, భుజం మీది ఫ్లాస్కు తీసి, రెండూ కోడలి చేతికిచ్చాడు.

"అయితే నువ్వు ఎక్కు. తొలి అడుగు ఎవరో ఒకరు వేయాలిగా."

తొమ్మిదేళ్లలో ఆమె చాలా పరంజాలు ఎక్కింది గానీ, ఆయన తొక్కని పలక మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. సన్నటి మనిషి బెల్టు బిగించి, కొక్కెం లాగి చూసి, తలూపాడు. ఆమె ఎక్కింది. పై పలక మీద నిలబడి మూడుసార్లు తొక్కింది. పలక కదల్లేదు. కూర్చుని ఫ్లాస్కు మూత తీసి కిందకు చూసింది.

పెద్ద మేస్త్రి నిచ్చెనను రెండు చేతులతో పట్టుకుని తలెత్తి నిలబడ్డాడు. బోల్టులతో బిగించిన నిచ్చెన అది, పట్టుకోవాల్సిన అవసరమే లేదు. హెల్మెట్ వెనక్కి జారినా సర్దుకోవడం లేదు. కళ్లు ఆర్పడం లేదు. "కాలు చూసుకో, కాలు" అని ఊరికే అరుస్తున్నాడు. ఆమె కాళ్లు మడుచుకుని కూర్చునే ఉంది. ఇంజినీరు ఏదో పలకరించబోతే చేత్తోనే ఆపేశాడు. ఆ అరుపుల మధ్యే ఆమె ఆనవాయితీ ప్రకారం కప్పు టీ తాగేసింది.

ఆమె దిగేసరికి ఆయన నుదుటి నిండా చెమట. ఖాళీ కప్పు అందుకున్నాడు.

"కింద నిలబడటం ఇంత కష్టమని నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?" అన్నాడు.